మైక్‌లో ‘ప’, ‘భ’ దగ్గర దబ్‌మని కొడుతోంది: పాప్ ఫిల్టర్ ఇంట్లోనే చేసుకోవచ్చా?

కండెన్సర్ మైక్‌తో కథలు చదివి రికార్డు చేస్తుంటే ‘ప’, ‘భ’ వచ్చిన చోటల్లా దబ్ దబ్‌మంటోందనీ, మైక్ ముందు గాలికి అడ్డంగా పెట్టే పాప్ ఫిల్టర్ కొనకుండా ఇంట్లో ఉన్నవాటితో చేసుకునే దారి ఉందా అనీ అడిగారు. ఉంది. నేను చేసుకున్నదానితోనే మూడేళ్లుగా చదువుతున్నాను. దానికి కావలసినవి ఐదంగుళాల ఎంబ్రాయిడరీ ఫ్రేము, ఆడవాళ్లు చెప్పుల్లోకి వేసుకునే పల్చటి స్కిన్ కలర్ సాక్సు ఒకటి, ఒక ఇనప హ్యాంగర్, ఇసుక నింపిన నీళ్ల సీసా. కొత్తగా కొన్నది సాక్సులు మాత్రమే, అవి ఏ ఫ్యాన్సీ షాపులోనైనా దొరుకుతాయి.

చూపు లేని విద్యార్థుల కోసం నేను పాఠ్యపుస్తకాలు చదివి రికార్డు చేస్తుంటాను. మొదట్లో ఒక సాంఘికశాస్త్రం పుస్తకం మొత్తం చదివి పంపాను. వారం తర్వాత ఒక డిగ్రీ అబ్బాయి ఫోన్ చేసి, “మేడమ్, మీరు బాగా చదివారు. కానీ ‘ప్రభుత్వం’ అన్నప్పుడల్లా చెవిలో ఎవరో కొట్టినట్టుంటోంది” అన్నాడు. సాంఘికశాస్త్రంలో ప్రభుత్వం, పరిపాలన, ప్రజలు, భూమి లేని పేజీ ఎక్కడుంటుంది? ఆ పిల్లలు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, స్పీడు పెంచుకుని గంటల తరబడి వింటారు. నేను ల్యాప్‌టాప్ స్పీకర్‌లో విని బాగానే ఉందనుకున్నాను. చిన్న స్పీకర్లలో ఆ లోతైన చప్పుడు సరిగా వినిపించదు. మీరు కూడా ఇయర్‌ఫోన్లు పెట్టుకునే పరీక్షించండి.

ఆ చప్పుడు ఎందుకొస్తుందో తెలిస్తే ఏ గుడ్డ పనికొస్తుందో మీకే అర్థమవుతుంది. ప, ఫ, బ, భ పెదవులు మూసి తెరిచి పలికే అక్షరాలు. పెదవుల వెనక ఆగిన గాలి ఒక్కసారిగా బయటికి దూకుతుంది. మైక్ లోపల ఉన్న పల్చటి పొర మాటకు కొద్దిగా కదలాలి. ఈ గాలి నేరుగా తగిలితే బాగా ఊగిపోతుంది, అదే దబ్‌మనే శబ్దం. ‘మ’ కూడా పెదవుల అక్షరమే కానీ దానికి గాలి ముక్కులోంచి పోతుంది కాబట్టి ఏ ఇబ్బందీ లేదు. అరచెయ్యి నోటి ముందు పెట్టుకుని వరసగా మ, ప, ఫ, భ అని చూడండి, తేడా తెలిసిపోతుంది. మామూలుగా మాట్లాడేటప్పుడు మన ‘ప’కి గాలి తక్కువే. మైక్ ముందు కూర్చోగానే స్పష్టంగా ఉండాలని ఒత్తి చదువుతాం, అక్కడ వస్తుంది తంటా. ‘ఫోన్’, ‘ఫలితం’ లాంటి మాటల్లో చాలామంది పై పళ్లతో పలుకుతారు, అప్పుడు దెబ్బలా కాకుండా ఊదినట్టు వస్తుంది.

కాబట్టి మనకు కావలసింది గాలి వేగాన్ని విరగ్గొట్టి, శబ్దాన్ని మాత్రం వదిలేసే గుడ్డ. నేను మొదట నూలు చేతిరుమాలు కట్టాను. దబ్ తగ్గింది గానీ గొంతు దుప్పటి కింద నుంచి వచ్చినట్టయింది, ‘స’, ‘శ’ మొద్దుబారాయి. గిన్నెలు తోమే స్పాంజి కోసి మైక్‌కి తొడిగితే అదీ అంతే. టీ జాలీ పెట్టి చూశాను. నా దగ్గరున్నదాని రంధ్రాలు పెద్దవి, గాలి తిన్నగా దూరిపోయింది. పాత షిఫాన్ చున్నీ రెండు మడతలు వేస్తే పరవాలేదు, ఇంట్లో ఉంటే దానితో మొదలుపెట్టవచ్చు. అన్నింటికంటే నాకు నచ్చింది ఆ నైలాన్ సాక్సే. గుడ్డ ఏదైనా సరే, ట్యూబ్‌లైటుకి ఎదురుగా పట్టుకుంటే వెలుగు బాగా కనబడాలి. నోటి ముందు పట్టుకుని ‘భ’ అంటే వెనక పెట్టిన అరచేతికి దెబ్బ తగలకూడదు. ఈ రెండూ కుదిరితే అది పనికొస్తుంది.

సాక్సును కత్తిరించకండి. నైలాన్ అల్లికను కోస్తే పోగు ఊడి గీతలా సాగిపోతుంది. ఫ్రేములో లోపలి రింగును సాక్సులోకి, దిండుకి గలీబు తొడిగినట్టు తొడగండి. ముందొక పొర, వెనకొక పొర, మధ్యలో రింగు మందమంత ఖాళీ. ఈ ఖాళీయే ముఖ్యం. మొదటి పొర దాటేటప్పుడు గాలి చెదిరిపోతుంది, ఖాళీలో నెమ్మదిస్తుంది, మిగిలింది రెండో పొర దగ్గర ఆగుతుంది. రెండు పొరలూ ఒకదానికొకటి అంటుకుంటే అంత లాభం ఉండదు. తర్వాత బయటి రింగు పెట్టి స్క్రూ బిగించి, మిగిలిన సాక్సు నోటిని రబ్బర్ బ్యాండుతో ముడివేయండి. ముడతలు పోయేంత సాగితే చాలు, డప్పు మీద చర్మంలా లాగకండి. మరీ లాగితే అల్లిక రంధ్రాలు తెరుచుకుని గాలికి దారి ఇస్తాయి. నా మొదటి ఫ్రేము అలాగే పాడైంది, అందంగా బిగుతుగా ఉందని మురిసిపోయాను, దబ్ మాత్రం పోలేదు.

హ్యాంగర్‌ను సాగదీసి ఒక కొసను ఫ్రేము స్క్రూకి చుట్టాను. ఇంకో కొసను లీటరు సీసా మూతకి బెజ్జం పెట్టి, లోపలి ఇసుకలోకి గుచ్చాను. తీగ కొసలకు టేపు చుట్టండి, కళ్లకు దగ్గరగా ఉండే వస్తువు కదా. మైక్ స్టాండుకే కట్టేస్తే సులువే కానీ, పేజీ తిప్పుతూ ఫ్రేముకి చెయ్యి తగిలితే ఆ చప్పుడు స్టాండు ద్వారా మైక్‌లోకి వెళ్తుంది. విడిగా నిలబెట్టడమే మంచిది.

ఇక దూరం సంగతి. గుడ్డ ఎంత మంచిదైనా మైక్‌కి ఆనించి పెడితే వృథా. మైక్‌కీ ఫ్రేముకీ మధ్య మూడు వేళ్ల ఎడం, అంటే 5 సెంటీమీటర్లు ఉండాలి. ఫ్రేము నుంచి నోటికి బెత్తెడు కంటే కాస్త ఎక్కువ, 8 నుంచి 10 సెంటీమీటర్లు. మొత్తం మీద నోటికీ మైక్‌కీ జానెడు లోపు. ఇంకా దగ్గరికి జరిగితే గొంతులో లోతైన శబ్దం పెరిగి గుమ్మంటుంది, దూరం జరిగితే గది ప్రతిధ్వని వస్తుంది. మైక్‌ను సరిగ్గా నోటికి ఎదురుగా కాకుండా ఓ పక్కకి జరిపి, దాని ముఖం మాత్రం మీ నోటివైపు తిప్పండి. మీరు ఊదితే ఆ గాలి మైక్ పక్కనుంచి పోవాలి. మాట అన్ని వైపులా వ్యాపిస్తుంది, గాలి తిన్నగా పోతుంది, అందుకే ఇది పనిచేస్తుంది. ఫిల్టర్ లేని రోజుల్లో కూడా ఈ ఒక్క మార్పుతో నాకు సగం దబ్‌లు పోయాయి. ఇంకో మాట, చాలా కండెన్సర్ మైకులు పైనుంచి కాదు, పక్కనుంచి వింటాయి. మీది ఎటువైపు వింటుందో ముందు చూసుకోండి.

పరీక్షకి ‘పప్పు, భాగ్యం, ప్రభుత్వం, ఫలితం’ అని మామూలు గొంతుతో, ఫిల్టర్ పెట్టి ఒకసారి, తీసి ఒకసారి రికార్డు చేసి పక్కపక్కన వినండి. ‘సీసా, శంఖం’ కూడా చేర్చండి, గుడ్డ గొంతును మింగుతోందేమో వాటితో తెలుస్తుంది. గుడ్డ దాటి గాలి వస్తోందేమో అగరుబత్తి పొగతో చూసేవాళ్లూ ఉన్నారు. చూడాలనిపిస్తే జాగ్రత్త, నైలాన్ నిప్పుకి ఇట్టే కరుగుతుంది.

అక్కడక్కడా మిగిలిన దబ్‌ల గురించి టెన్షన్ పడకండి. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ ప్రోగ్రాంలో ఆ ముక్కను మాత్రమే సెలెక్ట్ చేసి, లోతైన శబ్దాలను తగ్గించే హై-పాస్ ఫిల్టర్ 100 హెర్ట్జ్ దగ్గర పెడితే చాలావరకు సర్దుకుంటుంది. మగ గొంతైతే 80 దాటించకండి, మాటలో బరువు పోతుంది. అయితే రికార్డింగ్ లెవెల్ ఎక్కువై శబ్దం పగిలిపోతే తర్వాత ఏ ఫిల్టరూ బాగుచెయ్యలేదు. అందుకే గట్టిగా పలికినా లెవెల్ మీటరు -6 డెసిబెల్స్ దాటకుండా ముందే గెయిన్ (మైక్ శబ్దాన్ని పెంచే సెట్టింగ్) తగ్గించుకోండి. ‘స’ దగ్గర బుస, ఫ్యాను హోరు ఈ ఫిల్టర్‌తో పోవు, అవి వేరే సమస్యలు.

సాక్సు మీద తుంపరలు పడుతుంటాయి. లేకపోతే అవి మైక్‌లోకే పోయేవి. నేను పదిహేను రోజులకోసారి తీసి సబ్బునీళ్లతో ఉతికి, నీడలో ఆరబెట్టి, జతలో రెండోది తొడుగుతాను. తడిగా ఉండగా మాత్రం తొడగకండి, నీళ్లు అల్లిక రంధ్రాలను మూసేస్తాయి, గొంతు మళ్లీ మొద్దుబారుతుంది.