ఇంకో చెవి ఉంది కదా అని ఊరుకోవద్దు

ఒక చెవి పోయినవాళ్లకు ఇంట్లో మొదట వినబడే ఓదార్పు, "ఇంకోటి బాగానే ఉంది కదా" అని. ఆ మాట వల్ల కొందరు వైద్యం అందే రోజులు పోగొట్టుకుంటున్నారు, ఇంకొందరు మిగిలిన చెవిని కూడా నిర్లక్ష్యం చేస్తున్నారు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో అయిదింటికి జవాబులు ఇస్తున్నాం.

వారం కింద పొద్దున లేచేసరికి ఎడమ చెవి మూసుకపోయినట్టయింది. గుయ్యిమని ఒకటే మోత. మా ఊరి ఆర్‌ఎంపీ చూసి గులిమి ఉందని చుక్కల మందు ఇచ్చిండు. తగ్గలే. నాకు షుగర్ ఉంది. ఇంకెన్ని రోజులు చూడాలె?
— గృహిణి, నర్సంపేట

ఇంకొక్క రోజు కూడా చూడొద్దమ్మా. ఈ సంచిక మీ చేతికి వచ్చేదాకా ఆగకుండా మీకు ఫోన్‌లోనే చెప్పాం. ఇదే పరిస్థితిలో ఉన్న మిగతావాళ్ల కోసం వివరంగా రాస్తున్నాం.

ఉన్నట్టుండి, మూడు రోజుల లోపల, ఒక చెవిలో వినికిడి పడిపోతే అది గులిమి కావచ్చు, జలుబు వల్ల కావచ్చు, లోపలి చెవి నరం దెబ్బతిని కావచ్చు. మొదటి రెండూ నిదానంగా చూసుకోవచ్చు. మూడోది అత్యవసరం. ముగ్గురికీ "చెవి మూసుకుపోయింది" అనే అనిపిస్తుంది కాబట్టే మోసపోతారు. ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు. నోరు మూసుకుని "మ్‌..." అని గట్టిగా మూలగండి. ఆ శబ్దం మూసుకుపోయిన చెవిలో ఎక్కువగా మోగితే గులిమి, జలుబు లాంటి అడ్డంకి అయి ఉండే అవకాశం ఎక్కువ. బాగున్న చెవి వైపుకి పోతే నరం సంగతి అనుమానించాలి. డాక్టరు రెండు కొమ్ముల లోహపు కడ్డీ లాంటి ట్యూనింగ్ ఫోర్క్‌ను నుదుటి మీద పెట్టి చూసేది కూడా ఇదే. ఇది గుర్తు మాత్రమే, తేల్చేది ఆడియోమెట్రీ, అంటే మిషన్‌తో చేసే వినికిడి పరీక్ష. పక్కపక్కనే ఉండే మూడు స్వరస్థాయుల్లో కనీసం 30 డెసిబెల్స్ తగ్గుదల కనిపిస్తే ఆకస్మిక నరాల చెవుడు అంటారు.

దీనికి ఇచ్చే మందు స్టెరాయిడ్. సాధారణంగా ప్రెడ్నిసొలోన్, శరీర బరువులో కిలోకి 1 మిల్లీగ్రాము చొప్పున, రోజుకి 60 మిల్లీగ్రాములు మించకుండా, 10 నుంచి 14 రోజులు వాడి, తర్వాత మెల్లగా తగ్గిస్తారు. మొదటి రెండు వారాల్లో మొదలుపెడితేనే మేలు ఎక్కువ. కొందరికి మందు లేకుండానే కొంత తిరిగి వస్తుంది నిజమే. కానీ ఎవరికి వస్తుందో ముందే చెప్పలేం కాబట్టి కూర్చుని చూడటం సరికాదు.

మీకు షుగర్ ఉంది కాబట్టి ఒక మాట. ఈ మాత్రలతో షుగర్ బాగా పెరుగుతుంది, ముఖ్యంగా మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా. పొద్దున పరగడుపున చూసుకుని బాగుందనుకుంటే కాదు, సాయంత్రం కూడా చూసుకోవాలి. లేదా కర్ణభేరి గుండా సన్నని సూదితో స్టెరాయిడ్‌ను నేరుగా మధ్య చెవిలోకి ఇస్తారు. అందులో మందు చాలావరకు చెవిలోనే ఉంటుంది, ఒంట్లోకి పోయేది తక్కువ. మాత్రలతో ఫలితం రాని వాళ్లకు కూడా రెండు నుంచి ఆరు వారాల లోపు ఈ ఇంజెక్షన్ ప్రయత్నిస్తారు. ఏదైనా డాక్టరు రాసిస్తేనే, మెడికల్ షాపులో అడిగి కొనుక్కోవద్దు.

వరంగల్‌లో ఎంజీఎం ఈఎన్‌టీ విభాగానికైనా, దగ్గర్లో ఉన్న ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికైనా వెళ్లండి. హైదరాబాద్‌లో కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రి ఉంది కానీ అక్కడికి పోవడం కోసం రెండు రోజులు ఆలస్యం చేయొద్దు. "వారం కింద ఒక్కసారిగా పోయింది" అన్న మాటతోనే మొదలుపెట్టండి. "చెవి మూసుకుంది" అంటే మిమ్మల్ని వరుసలో చివరికి కూర్చోబెడతారు. మూతి వంకర పోవడం, మాట తడబడటం, ఒకటి రెండుగా కనబడటం, నడవలేనంత తూలు కూడా ఉంటే అది పక్షవాతం కావచ్చు, అప్పుడు ఈఎన్‌టీ కాదు, నేరుగా ఎమర్జెన్సీకి.

ఈ దశలో ఎక్కువగా జరిగే నష్టం, "నరాల బలానికి" అని నెల రోజుల బి-కాంప్లెక్స్ గోళీలు రాసివ్వడం. గోళీలు అయిపోయేసరికి స్టెరాయిడ్ పనిచేసే కాలం దాటిపోతుంది. వైద్యం అయ్యాక ఒకసారి, ఆరు నెలలకు ఇంకోసారి ఆడియోమెట్రీ చేయించుకోండి. చెవి నరం మీద గడ్డ లేదని తేల్చుకోవడానికి కాంట్రాస్ట్ మందుతో ఎంఆర్‌ఐ కూడా రాస్తారు. చాలామందికి ఏమీ ఉండదు, అయినా ఖర్చు అని మానేయకండి.

ఎడమ చెవి పూర్తిగా పోయి రెండేండ్లయింది. ఎవరు పిలిచినా కుడి దిక్కే తిరుగుత. పెండ్లిళ్ల పక్కన కూసున్నోళ్ల మాట కూడ అర్థం కాదు. పలకకపోతే పొగరంటున్నరు. హన్మకొండల బట్టల దుకాణం నాది.
— వ్యాపారి, హన్మకొండ

శబ్దం ఎటు నుంచి వచ్చిందో చెవి చెప్పదు, రెండు చెవులకు అందిన తేడాను బట్టి మెదడు లెక్క కడుతుంది. పక్క నుంచి వచ్చిన శబ్దం దగ్గరి చెవికీ దూరపు చెవికీ చేరడంలో తేడా సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు. ఆ కాస్త తేడా మీకు అందడం లేదు. అందుకే ప్రతి పిలుపూ కుడి నుంచే వచ్చినట్టు ఉంటుంది. అలవాటైతే పోతుందని చాలామంది అంటారు కానీ దిక్కు తెలియడం అంతగా తిరిగి రాదు, కళ్లతో సర్దుకోవడమే వస్తుంది.

రెండోది తల అడ్డం. ఎడమవైపు నుంచి మాట్లాడితే సన్నని, హెచ్చు స్వరాలు తల దాటి కుడి చెవికి వచ్చేసరికి 15, 20 డెసిబెల్స్ దాకా తగ్గిపోతాయి. అచ్చుల బరువు శబ్దం వంగి వస్తుంది, హల్లుల పదును రాదు. అందుకే మనిషి మాట్లాడుతున్నాడని తెలుస్తుంది, అన్నది "పాలు"నా "కాలు"నా "చాలు"నా తేలదు. గట్టిగా అరిచినా లాభం తక్కువ, మనిషి ఈ పక్కకు రావాలి.

కాబట్టి మీ పని గొంతుతో కాదు, చోటుతో. దుకాణంలో గల్లా పెట్టె దగ్గర మీ ఎడమ భుజం గోడకు ఆనేలా కూర్చోండి, గుమ్మం కుడి వైపు ఉండాలి. ఫ్యాను, కూలర్ కుడి చెవి దగ్గర పెట్టుకోకండి. పెండ్లి హాలులో డీజే డబ్బాలకు దూరంగా, వరుసలో మీ ఎడమ చివరి కుర్చీ ముందే పట్టుకోండి, అందరూ కుడివైపు వస్తారు. బంతిలో కూర్చున్నా అంతే. ఆర్టీసీ బస్సులో ఎడమ వరుస కిటికీ సీటు మీది. నడిచేటప్పుడు తోడున్నవాళ్లను కుడి పక్కకు రమ్మనండి.

రోడ్డు మీద మాత్రం జాగ్రత్త ఎక్కువ కావాలి. హారన్ వినగానే మీ మెడ కుడికి తిరుగుతుంది, బండి ఎడమ నుంచి వస్తూ ఉంటుంది. హారన్ వినబడితే మొదట ఎడమకు చూడటం పనిగట్టుకుని అలవాటు చేసుకోండి. మీ బండికి ఎడమ అద్దం లేకపోతే ఈ రోజే పెట్టించండి, కుడి అద్దం ఒక్కటే పెట్టుకుని తిరిగే వాళ్లు మన దగ్గర ఎక్కువ. పట్టాలు దాటేటప్పుడు రైలు కూతను నమ్మకండి, ఆగి రెండు దిక్కులా చూడండి.

ఫోన్ ఇంట్లో ఎక్కడ మోగుతోందో దొరకదు, దానికి ఒక జాగా ఖాయం చేయండి, ఫ్లాష్ వెలిగేలా పెట్టుకోండి. ఒక్క ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే పాటలో ఒక పక్కకు వచ్చే వాద్యాలు, సినిమాలో ఒక పక్క మాటలు అసలే వినబడవు. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలో "మోనో ఆడియో" ఆన్ చేస్తే రెండు పక్కలదీ ఆ ఒక్క చెవిలోకి వస్తుంది. రాత్రి కుడి చెవి దిండుకు ఆనించి పడుకుంటే ఏదీ వినబడదు, నిద్రకు మంచిదే. ఇంట్లో పసిబిడ్డో, మంచం పట్టిన పెద్దవాళ్లో ఉంటే మాత్రం ఎడమవైపు తిరిగి పడుకోవాలి.

పొగరు మాటకు మందు, ముందే చెప్పడం. "ఎడమ చెవి వినబడదు, ఇటు రా అన్నా" అని ఒక్క మాట. కొత్త గిరాకీకి కూడా చెప్పండి. వినబడనట్టే నవ్వి తలూపడం వల్ల ధర పొరపాట్లు, ఉద్దెర గొడవలు వస్తాయి. సాయంత్రానికి తల బరువెక్కడం కూడా మీ ఊహ కాదు, రొదలో మాట ఏరుకోవడం మెదడుకు శ్రమ. మధ్యాహ్నం పది నిమిషాలు ఎవరూ మాట్లాడని చోట కూర్చోండి.

చెవుడున్న చెవికి మిషన్ పెడితే వస్తదని ఒక దుకాణంల చెప్పిన్రు. ఇంకో దగ్గర రెండు చెవులకు రెండు పెట్టాలె అన్నరు. ఏది నిజం?
— రిటైర్డ్ ఉద్యోగి, కరీంనగర్

రెండూ నిజం కావచ్చు, మీ రిపోర్టు చూడాలి. మొదట చూడవలసింది, పరీక్షలో "మాస్కింగ్" చేశారా అని. పాడైన చెవికి గట్టి శబ్దం ఇస్తే అది పుర్రె ఎముక గుండా బాగున్న చెవికి చేరుతుంది, మీరు వినబడింది అని మీట నొక్కుతారు. అప్పుడు పూర్తిగా పోయిన చెవి కూడా 50, 60 డెసిబెల్స్ నష్టం ఉన్నట్టు కాగితం మీద కనిపిస్తుంది. బాగున్న చెవిలో గాలి హోరు లాంటి శబ్దం పెట్టి దాన్ని పక్కకు తప్పించడమే మాస్కింగ్. అది చేయని రిపోర్టుతో అమ్మిన మామూలు మిషన్ పెట్టెలో పడి ఉంటుంది.

నిజంగానే కొంత వినికిడి మిగిలి, మాటలు కూడా తెలుస్తుంటే మామూలు మిషన్ పనిచేస్తుంది. అసలే లేకపోతే "క్రాస్" అనే జత ఉంటుంది. పాడైన చెవి మీది ముక్కలో మైకు మాత్రమే, అది వైర్ లేకుండా శబ్దాన్ని బాగున్న చెవి మీది ముక్కకు పంపుతుంది. అందుకే రెండు అన్నారు. బాగున్న చెవిలో పెట్టే రబ్బరు గుండీ రంధ్రాలున్నది కావాలి, మూసేదైతే ఉన్న వినికిడి తగ్గుతుంది. క్రాస్‌తో పాడైన చెవి వైపు మాట అందుతుంది గానీ దిక్కు తెలియదు. పాడైన చెవి పక్కనే జనరేటర్ ఉంటే ఆ రొదను తెచ్చి మంచి చెవిలో పోస్తుంది, అప్పుడు మైకు ఆపేయాలి. డబ్బు కట్టే ముందు కనీసం వారం ట్రయల్ అడగండి. దుకాణం గదిలో అన్నీ బాగానే వినబడతాయి, కూరగాయల మార్కెట్‌లో, బస్టాండులో పెట్టుకుని చూడండి.

ఎముక గుండా పంపే రకం కూడా ఉంది, ఆపరేషన్‌కు ముందు తలకు పట్టీతో కట్టి చూపిస్తారు. రెండు వైపులా వినికిడిని కొంతైనా తెచ్చేది, ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ ఒక్కటే. ఒక చెవి చెవుడుకు అమెరికాలో దీనికి 2019లో అనుమతి వచ్చింది. నరం బాగుండాలి, చెవి పోయి ఎక్కువ ఏండ్లు కాకూడదు, లక్షల్లో ఖర్చు, తర్వాత నెలల తరబడి సాధన.

ఒక చెవి పూర్తిగా వినబడదు. సదరం క్యాంపుకు పోతే సర్టిఫికెట్ వస్తదా?
— యువకుడు, మంచిర్యాల

పింఛనుకో, రిజర్వేషన్‌కో పనికొచ్చే సర్టిఫికెట్ రాదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం రెండు చెవుల్లోనూ 60 డెసిబెల్స్ నష్టం అడుగుతుంది. శాతం లెక్కలో కూడా బాగున్న చెవికి అయిదు వంతులు, పాడైనదానికి ఒక వంతు వేసి ఆరుతో భాగిస్తారు. ఒకటి పూర్తిగా పోయి రెండోది పూర్తిగా బాగుంటే దాదాపు 17 శాతం వస్తుంది, కావలసింది 40. స్లాట్ బుక్ చేసి ఒక రోజు కూలి పోగొట్టుకోకండి. రెండో చెవిలో కూడా తగ్గుదల ఉంటే మాత్రం తప్పకుండా వెళ్లండి.

మా పాపకు ఏడేండ్లు. గవదబిళ్లలు వచ్చి తగ్గినయి. ఫోన్ కుడి చెవికి పెట్టుకోదు, ఎడమకే మార్చుకుంటది. డాక్టర్ కుడి చెవి పోయిందన్నరు. ఇంక మేమేం చెయ్యాలె? వాళ్ల నాయిన జిన్నింగ్ మిల్లుల పనిచేస్తడు, ఆయనకు కూడ ఒక చెవి సరిగ వినబడదు.
— తల్లి, జమ్మికుంట

గవదబిళ్లల వల్ల పోయే చెవి సాధారణంగా ఒకటే, అదీ చాలావరకు తిరిగి రాదు. ఫోన్ మార్చుకోవడం చూసి పట్టుకున్నారు, మంచి పని చేశారు. ఇంప్లాంట్ అవకాశం ఉందేమో ఆలస్యం లేకుండా ఇప్పుడే అడగండి. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే వాళ్లకు ఎంఎంఆర్ టీకా గురించి పిల్లల డాక్టరును అడగండి. సర్కారు దవాఖానలో ఉచితంగా ఇచ్చే ఎంఆర్ టీకా తట్టు, రుబెల్లాలకే, అందులో గవదబిళ్లలది ఉండదు.

బడిలో పాపను రెండో వరుసలో, తన కుడి భుజం గోడకు వచ్చేలా కూర్చోబెట్టమనండి. మొదటి వరుసలో కూర్చుంటే వెనక మాట్లాడే పిల్లల ముఖాలు కనబడవు. కిటికీ గోడైతే రోడ్డు రొద లేనిది చూడాలి. టీచరు బోర్డు వైపు తిరిగి చెప్పినది పాపకు అందదు, డిక్టేషన్ మార్కుల్లో అది కనిపిస్తుంది. పిలిస్తే పలకలేదని కొట్టకుండా టీచర్లందరికీ కాగితం మీద రాసివ్వండి, టీచరు మారిన ప్రతిసారీ మళ్లీ ఇవ్వండి. జలుబు చేసి ఎడమ చెవి మూసుకుంటే పాపకు ఆ రోజుల్లో రెండు చెవులూ లేనట్టే. రెండు రోజుల్లో తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. ఏడాదికి ఒకసారి ఎడమ చెవికి ఆడియోమెట్రీ తప్పదు.

మీ ఆయన సంగతి ఇంకా తొందర. 85 డెసిబెల్స్ రొదలో రోజుకు ఎనిమిది గంటలే ఉండొచ్చు, ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ కాలం సగమవుతుంది. 100 దగ్గర పావుగంటే. మిషన్ పక్కన నిలబడి చేతి దూరంలో ఉన్న మనిషితో అరిచి మాట్లాడాల్సి వస్తే 85 దాటినట్టే. చెవిలో దూది పెట్టుకుంటే ఆగదు. నురగ ప్లగ్గులు మెడికల్ షాపుల్లో, ఆన్‌లైన్లో దొరుకుతాయి. ప్లగ్గును వేళ్ల మధ్య సన్నగా పుల్లలా నలిపి, ఇంకో చేతిని తల మీదుగా తెచ్చి చెవిని పైకి, వెనక్కి లాగి, లోపలికి తోసి అరనిమిషం వేలితో పట్టుకోవాలి. పట్టుకోకపోతే అది ఉబ్బి బయటికి జారుతుంది, పెట్టుకున్నట్టు ఉంటుంది గానీ రొద తగ్గదు. సరిగా కూర్చుంటే తన గొంతు తనకే లోపలి నుంచి బరువుగా వినబడుతుంది. మురికైన ప్లగ్గు కడగకుండా పారేయమనండి.

జ్వరమొచ్చి ఏ దవాఖానకు పోయినా ఇద్దరూ ముందు చెప్పవలసింది, "ఒక్క చెవే ఉంది" అని. జెంటామైసిన్, అమికాసిన్, స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు చెవి నరాన్ని దెబ్బతీయగలవు. వేరే మందు ఉంటే డాక్టరు అదే ఇస్తారు. ఈ మూడు పేర్లు ఒక చీటీ మీద రాసి ఆయన ఫోన్ కవరు వెనక, పాప ఆరోగ్య పుస్తకం మొదటి పేజీలో పెట్టండి.