బుజ్జీ, రేడియోలో రేట్లు మాత్రం చెప్పకు

బుజ్జీ,

మీ అమ్మ ఫోన్ చేసింది, పాత పుస్తకాల గురించి మాట్లాడమని నిన్ను రేడియోకి పిలిచారట కదా. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పూట నా పక్కన కూర్చుని కట్టలు సర్దిన పిల్ల మైకు ముందు కూర్చోబోతోందంటే ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు, ఎందుకో చెప్తా.

టైముకి వెళ్ళు, కాయితం చూసి చదవకు, నెమ్మదిగా మాట్లాడు. ఇవన్నీ నీకు తెలిసినవే.

కానీ ఎవరో ఒకరు కచ్చితంగా అడుగుతారు, మీరు అమ్మినవాటిల్లో బాగా రేటు పలికిన పుస్తకం ఏది అని. నాకీ పని నేర్పినాయన్ని కూడా అప్పట్లో రేడియోలో ఇదే అడిగితే ఊపులో ఒక పెద్ద రేటు చెప్పేశాడు. అది మొదటి ముద్రణ అనీ, అట్టతో సహా చెక్కుచెదరకుండా ఉందనీ, దానికోసమే ఏళ్ళుగా వెతుకుతున్నాయన కొన్నాడనీ చెప్పలేదు. దోమలగూడలో ఒకావిడ విన్నది. వాళ్ళాయన పోయాక ఇంట్లో కింద గది నిండా పుస్తకాలే, వావిళ్ళ ప్రెస్సు వాళ్ళు అచ్చేసిన ప్రతులు, పత్రికల బైండ్లు. అప్పటికే ఒక లైబ్రరీ వాళ్ళు సబబైన డబ్బే ఇస్తామన్నారు, ఆవిడా సరేనంది. రేడియో విన్నాక వద్దంది, ఒక్కోటి అంత పలికితే గదంతా ఎంత చెయ్యాలి అని లెక్కేసుకుంది, పాపం ఆవిడ తప్పేముంది. వచ్చినవాళ్ళందరికీ అదే రేటు చెప్పింది, ఎవరూ కొనలేదు. అంతలో 2000 ఆగస్టు వరద. బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం పుస్తకాలే మునిగిపోయిన వరద అది, ఇక ఆ కింద గదిలోవి ఏం మిగుల్తాయి. మేం వెళ్ళేసరికి పేజీలు అతుక్కుపోయి ఒక్కో బైండూ తడిసిన ఇటుకలా ఉంది, లాగితే అట్ట చేతికొచ్చింది, లోపలంతా ముద్ద. నాకు పని నేర్పినాయన గుమ్మంలోనే కూలబడ్డాడు. తర్వాత ఎవరెంత అడిగినా నోటితో రేటు చెప్పలేదు.

నీకు ఊపు ఎక్కువే, ఎవరైనా మెచ్చుకుంటే నోరాగదు, అచ్చం మీ అమ్మే. వినేవాళ్ళలో కొనేవాళ్ళకంటే ఇంట్లో పాత పుస్తకాలున్నవాళ్ళే ఎక్కువ, అది మర్చిపోకు తల్లీ.

రేటు బదులు అది ఎలా వస్తుందో చెప్పు. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు ఉంది చూడు, 1852లో మద్రాసులో అచ్చయిన ప్రతి వేరు, తర్వాత వచ్చిన రీప్రింట్లు వేరు, అన్నిటి మీదా బ్రౌన్ పేరే ఉంటుంది. అచ్చు వివరాలున్న పేజీ చూడమను, బొమ్మలు, మ్యాపులు చింపేశారేమో ఒకటికి రెండుసార్లు చూసుకోమను. ఆన్‌లైన్‌లో కనపడేది అమ్మేవాళ్ళు అడిగే రేటు, అమ్ముడుపోయిన రేటు కాదు, ఇదైతే రెండుసార్లు చెప్పు. చిరిగిన పేజీకి సెల్లోటేపు వెయ్యొద్దను, జిగురు పసుపెక్కి కాయితాన్ని పాడుచేస్తుంది. అంచులు కోయించి కొత్త బైండింగ్ చేయించొద్దను. లైబ్రరీ ముద్ర ఉండి, తీసేశామన్న ముద్ర లేకపోతే ఆ పుస్తకం ముట్టుకోవద్దని గట్టిగా చెప్పు, ఈ విషయంలో మొహమాటం వద్దు.

తాళపత్రాలున్నాయని కూడా ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. 1972 చట్టం ప్రకారం 75 ఏళ్ళు దాటిన విలువైన చేతిరాత ప్రతులు పురావస్తువుల కిందకొస్తాయి, ఇష్టమొచ్చినట్టు దేశం దాటించడానికి లేదు, ఆ ముక్క చెప్పి ఊరుకో, లైన్లో బేరం పెట్టకు. పుస్తకాలు ఎవరికైనా ఇచ్చేద్దాం అనుకునేవాళ్ళుంటే సుల్తాన్ బజార్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయంలో ముందు అడగమను, 1901 నించి ఉంది అది.

లైవా రికార్డింగా కనుక్కుని నాకు మెసేజ్ పెట్టు. దానికి ముందు ఒక సాయంత్రం మా ఇంటికి రా, అత్తయ్య పెసరట్లు వేస్తానంటోంది. ఆ రేటు ప్రశ్న నేనే రకరకాలుగా తిప్పి తిప్పి అడుగుతా, నువ్వెలా తప్పించుకుంటావో చూస్తా.

మీ మామయ్య