చేతులు ఎక్కడ పెడతావో చూసుకుని రంపం కొను

బుజ్జీ,

నువ్వు కార్డ్‌లెస్ మైటర్ సా, అదే బ్యాటరీతో నడిచి చెక్కని కావాల్సిన కోణంలో అడ్డంగా కోసే రంపం, కొనబోతున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. పుస్తకాల అర, గోడకి ఫ్రేములు, ఆ తర్వాత ఒక బెంచీ చేస్తుందట అన్నాడు నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు. మన ఇంట్లో నా తర్వాత చెక్క పట్టేవాళ్ళు ఒకరు తయారయ్యారని ముందు గర్వంగా అనిపించింది. రాత్రికి టెన్షన్ పట్టుకుంది. పెదనాన్న మళ్ళీ మొదలుపెట్టాడు అనుకున్నా సరే, చివరిదాకా చదువు.

వోల్టుల గొడవ ముందు తేల్చేస్తాను. ఒక పెట్టె మీద 18, ఇంకో పెట్టె మీద 20 అని రాసి ఉంటే రెండోది ఎక్కువ అనుకోకు. రెండింట్లోనూ 3.6 వోల్టుల సెల్లులు వరసకి 5 ఉంటాయి, అంటే 18. నిండా చార్జ్ అయినప్పుడు ఉండే అంకె వేసుకుంటే 20. అంతే తేడా. నిజంగా చూడాల్సింది నీ దగ్గర ఇప్పటికే ఉన్న డ్రిల్లు. ఒక కంపెనీ బ్యాటరీ ఇంకో కంపెనీ మిషన్‌కి మామూలుగా పట్టదు, కాబట్టి డ్రిల్లు ఏ వరసదో రంపమూ అదే వరసలో దొరికితే మంచిది. చాలాసార్లు ఒట్టి మిషన్ మాత్రమే అమ్ముతారు, పెట్టెలో బ్యాటరీ, చార్జర్ ఉన్నాయో లేదో చదువుకో. బ్యాటరీలో ఎంత చార్జ్ పడుతుందో యాంపియర్ అవర్లలో రాస్తారు, 5కి తక్కువది కొనకు. మోటారు బ్రష్‌లెస్ (లోపల రాసుకునే కార్బన్ బ్రష్‌లు లేనిది) అయితే అదే చార్జ్‌కి ఎక్కువ కోతలు వస్తాయి.

ఇక సైజు. 305 మిల్లీమీటర్ల బ్లేడున్న పెద్ద రంపం మీద నీ కళ్ళు పడ్డాయని విన్నాను. వద్దు. అది దూలాలు కోసేవాళ్ళకి. దాన్ని ఎత్తి బల్ల మీద పెట్టడమే ఒక పని, బ్యాటరీనీ అంతే గబగబా తాగేస్తుంది. ముందుకీ వెనక్కీ జరిగే స్లైడింగ్ రకంలో 216 మిల్లీమీటర్ల బ్లేడుది నీకు చాలు. జరగనిదైతే 254 బ్లేడుతో కూడా సుమారు 6 అంగుళాల వెడల్పే తెగుతుంది. జరిగే 216 చాలావాటిలో 10 నుంచి 12 అంగుళాల దాకా కోస్తుంది, నీ పుస్తకాల అర పలకకి అది సరిపోతుంది. కాకపోతే 45 డిగ్రీలకి తిప్పితే ఆ 12 కాస్తా ఎనిమిదిన్నరకి పడిపోతుంది. కొన్నిటికి రంపం జరిగే రాడ్లు వెనక్కి పొడుచుకొస్తాయి. నీ బల్ల గోడకి ఆనించి ఉంటే అది కొలుచుకోకుండా కొనకు.

ఇప్పుడు నా భయం చెప్తాను. మా రోజుల్లో బ్లేడు ముట్టుకోవాలంటే ప్లగ్గు పీకి, ఆ ప్లగ్గుని కళ్ళెదుట బల్ల మీద పెట్టుకునేవాళ్ళం. నీ రంపానికి పీకడానికి ప్లగ్గే లేదు. బ్యాటరీ లోపల ఉన్నంతసేపూ అది మేలుకునే ఉంటుంది. బ్లేడు మార్చినా, ఇరుక్కున్న పుల్ల తీసినా, డిగ్రీలు సరిచూసినా, ముందు బ్యాటరీ బయటికి రావాలి. కాఫీకి లేచినా సరే. ఈ విషయంలో నాతో వాదించకు.

మాతో ఒకడు పనిచేసేవాడు, పేరెందుకులే. మా అందరిలోకీ చెయ్యి తిరిగినవాడు. కళ్ళు మూసుకుని కోసినా మూలమట్టం పెట్టి చూడక్కర్లేదనేవాళ్ళం. ఒక సాయంత్రం ఫ్రేములన్నీ అయిపోయాయి, ఒక్క చిన్న ముక్క మిగిలింది. మూడంగుళాలుంటుందేమో. రెండు మిల్లీమీటర్లు ఎక్కువొచ్చింది. చెక్కని కదలకుండా బిగించే క్లాంప్ ఉంది, కానీ దాని పిడి బిగుసుకుపోయి తిప్పడానికి ప్రాణం పోయేది, అందుకని ఎవరూ వాడేవాళ్ళు కాదు. వాడు ముక్కని ఫెన్స్‌కి, అంటే చెక్క వెనక ఆనే అడ్డుగోడకి, ఆనించి బొటనవేలితో నొక్కిపట్టి బ్లేడు దించాడు.

ఏం జరుగుతుందో చూడు. ఫెన్స్ మధ్యలో బ్లేడు వెళ్ళడానికి ఖాళీ ఉంటుంది. పొడుగు చెక్క రెండు వైపులా ఆనుకుంటుంది కాబట్టి ఆ ఖాళీ లెక్కలోకి రాదు. పొట్టి ముక్కకి వెనక ఆనుకునే చోటే ఉండదు. పంటి దెబ్బ తగలగానే ఆ ముక్క గిర్రున తిరిగి ఆ సందులోకి దూరింది, బొటనవేలిని కూడా లాక్కుపోయింది. వేలు దక్కింది. గోరు రెండుగా చీలి అలాగే పెరిగింది. చొక్కా గుండీ పెట్టుకునేటప్పుడు అది వేలికి తగిలిందో లేదో తెలీక ఇప్పటికీ వాడు తలొంచి కళ్ళతో చూసుకుంటాడు. రెండు మిల్లీమీటర్ల కోసం! చిత్రిక రెండు సార్లు పట్టిస్తే పోయేదానికి!

మా మేస్త్రి ఆ రోజు ఎవర్నీ తిట్టలేదు. మర్నాడు పొద్దున్నే ఆ క్లాంప్ విప్పి, మరలన్నీ తుడిచి నూనె పెట్టి, మళ్ళీ బిగించాడు. ఆ తర్వాత అది రెండు వేళ్ళతో తిరిగేది. అందుకే కొనేముందు మోటారు చప్పుడు వినడం కాదు, క్లాంప్ బిగించి చూడు. తిప్పడానికి విసుగు పుట్టించేదైతే నువ్వూ వాడవు, నాకు తెలుసు. చిన్నప్పుడు చెప్పుల బకిల్ పెట్టుకోవడానికే నీకు విసుగు. ఫెన్స్‌కి రంధ్రాలున్నాయో చూడు, వాటిలోంచి తిన్నని చెక్కని స్క్రూలతో బిగించుకుంటే ఆ ఖాళీ మూసుకుపోతుంది. చెయ్యి బ్లేడుకి 6 అంగుళాల లోపలికి పోకూడదు. చేతులు కత్తెరలా ఒకదాని మీద ఒకటి దాటించి పట్టుకోకు. గ్లవ్స్ అసలే వద్దు, పళ్ళకి చిక్కితే గుడ్డతో పాటు చెయ్యీ పోతుంది. కోత అయ్యాక మీట వదిలి, బ్లేడు పూర్తిగా ఆగాకే పైకెత్తు. కొన్నాక బ్లేడుని కప్పే గార్డు దానంతటదే మూసుకుంటోందో లేదో అప్పుడప్పుడూ చూస్తుండు.

స్లైడింగ్ రంపాన్ని వాడే వరస వేరే. ముందు నీ వైపు లాగు, తర్వాత కిందికి దించు, ఆఖర్న వెనక్కి నెట్టు. తిరుగుతున్న బ్లేడుని నీ వైపు లాగుతూ కోస్తే అది చెక్క మీదికెక్కి నీ మీదికొస్తుంది.

మిషన్‌తో వచ్చే బ్లేడు చాలాసార్లు పళ్ళు తక్కువది. బెంచీకి పర్లేదు, ఫ్రేములకి మాత్రం అంచులు పెచ్చులు లేస్తాయి. 60 పళ్ళది ఒకటి విడిగా కొనుక్కో, పళ్ళు కాస్త వెనక్కి వాలిన రకం, నెగటివ్ హుక్ అంటారు. బ్లేడు బిగించే బోల్టు చాలావాటిలో ఎదురు మర, అంటే మామూలుకి వ్యతిరేక దిశలో తిప్పాలి, బలం చూపించే ముందు అది చూసుకో.

రంపపు పొట్టు సంచిలోకి పోయేది కొంతే. నేను దగ్గుతుంటే మీ పెద్దమ్మ ఇప్పటికీ దాన్నే తిడుతుంది. చెక్క ధూళి క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 1995లోనే తేల్చింది. మాస్కు, కళ్ళద్దాలు, చెవులకి మఫ్‌లు. బేరాలొద్దు.

మొదటి రోజు ఫ్రేము మొదలుపెట్టకు. వెడల్పాటి పలకని సున్నా డిగ్రీల మీద కోసి, ఒక ముక్కని తిరగేసి రెండోదానికి చేర్చు. సందు కనిపిస్తే అసలు తప్పు అందులో సగం. ఫ్రేముకి ఎనిమిది కోతలుంటాయి, ఒక్కోదాంట్లో అర డిగ్రీ తేడా ఉన్నా చివరి మూల 4 డిగ్రీలు తెరుచుకుంటుంది. ఫెన్స్ సరిచేసి మళ్ళీ కొయ్యి. సందు పోయాక ఆ రెండు ముక్కల్నీ పక్కపక్కన పెట్టి నాకు ఫొటో పంపు. బ్యాటరీ కూడా ఫొటోలో కనపడాలి, బల్ల మీద, రంపం బయట.

మీ పెదనాన్న