రోమ్ చర్చీలు చూడబోతున్నారా? బ్యాగులో ఒక చున్నీ పెట్టుకోండి

మిలాన్‌కి ఎంఎస్ చేయడానికి వచ్చిన మన పిల్లలు మొదటి వేసవిలోనే రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్ చుట్టి రావాలనుకుంటారు. రైళ్లు, హాస్టళ్లు, మ్యూజియం టికెట్లు నెల ముందే బుక్ చేసేసుకుంటారు. బట్టల సంగతి మాత్రం బయల్దేరే ముందు రాత్రి గుర్తొస్తుంది. "అక్కా, షార్ట్స్ వేసుకుంటే లోపలికి రానివ్వరా?" అని అప్పుడు ఫోన్ చేస్తారు.

రానివ్వరు. పెద్ద చర్చీల్లో అయితే ఖచ్చితంగా రానివ్వరు. ఇటలీలో పద్ధతి ఒకటే: భుజాలు, మోకాళ్లు కప్పి ఉండాలి. ఇది ఆడపిల్లలకే అనుకుని మగపిల్లలు పట్టించుకోరు. గుమ్మం దగ్గర ఆగిపోయేవాళ్లలో షార్ట్స్, చేతుల్లేని టీషర్టులు వేసుకున్న అబ్బాయిలూ బాగానే ఉంటారు.

వాటికన్‌లో పోప్ ఉండే చోట ఉన్న పెద్ద చర్చి, సెయింట్ పీటర్స్ బసిలికా సంగతి కాస్త వివరంగా చెప్తాను, ఎక్కువమంది ఇబ్బంది పడేది అక్కడే. లోపలికి టికెట్ లేదు, కానీ సెక్యూరిటీ లైన్ ఉంటుంది. జూలైలో బసిలికా ముందున్న చౌకులో ఎండకి తల మాడిపోతుంది, లైన్ గంట దాటినా ఆశ్చర్యం లేదు. అంతసేపూ నిలబడి, బ్యాగు స్కానింగ్ చేయించుకుని, ఇక గుడి మెట్లెక్కుదామనుకునే చోట బట్టలు చూసేవాళ్లు ఉంటారు. అక్కడ ఆపితే బయట అమ్మే పల్చటి స్టోల్ ఏదో కొనుక్కుని మళ్లీ మొదటి నుంచి రావాలి. అందుకే చెప్తున్నాను, ఎండ భరించలేక షార్ట్స్‌లో బయల్దేరినా సరే, బ్యాగులో ఒక పెద్ద చున్నీ పెట్టుకోండి. నడుముకి లుంగీలా చుట్టి పక్కన గట్టిగా ముడేస్తే మోకాళ్లు కప్పుతుంది. స్లీవ్‌లెస్ అయితే భుజాల చుట్టూ కప్పుకుంటే చాలు. మరీ పల్చటిది వద్దు, లోపలి బట్టలు కనపడితే కప్పుకున్నా లెక్కలోకి రాదు.

వాటికన్ మ్యూజియమ్స్‌కీ ఇదే నియమం. బొమ్మలకి పేరుపడ్డ ప్రార్థన మందిరం సిస్టీన్ చాపెల్ ఆ మ్యూజియం లోపలే ఉంటుంది. అక్కడ టైముతో సహా టికెట్ కొంటారు కాబట్టి గుమ్మంలో వెనక్కి పంపేస్తే డబ్బు తిరిగొస్తుందని ఆశ పెట్టుకోకండి. మిలాన్ దువోమో (ఆ ఊరి పెద్ద చర్చి), వెనిస్‌లో శాన్ మార్కో చర్చి, ఫ్లోరెన్స్ కెథీడ్రల్‌లో కూడా బట్టల నియమం ఇదే. రోమ్‌లో పాంథియాన్‌ని అందరూ పాత కట్టడం అనుకుంటారు. అది ఏడో శతాబ్దం నుంచీ చర్చే, అక్కడా ఒళ్లు కప్పుకునే వెళ్లండి.

నిజానికి మనవాళ్లకి దీని గురించి ఇంత టెన్షన్ అక్కర్లేదు. తిరుమలలో ఆర్జిత సేవకి ఎలా తయారవుతామో అందులో సగం జాగ్రత్త తీసుకున్నా ఇక్కడ ఎవరూ ఆపరు. కాటన్ చుడీదార్, మోచేతుల దాకా చేతులున్న కుర్తీ, అబ్బాయిలకి పల్చటి లినెన్ ప్యాంటు ఉంటే ఎండకీ హాయి, గుమ్మంలోనూ గొడవ లేదు. చీర బ్రహ్మాండంగా సరిపోతుంది. జాకెట్టు చేతుల్లేనిదైతే కొంగు భుజాల చుట్టూ తిప్పుకోండి. బొట్టు, నల్లపూసలు, విభూతి తీసేయాలా అని కొందరు మొహమాటంగా అడుగుతారు. అస్సలు అక్కర్లేదు.

అమ్మానాన్నలు వచ్చినప్పుడు రెండు విషయాలు వాళ్లకి ముందే చెప్పండి. మొదటిది చెప్పులు. మా అత్తగారిని దువోమోకి తీసుకెళ్తే గడప దగ్గరే చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నారు. గుమ్మంలో ఉన్నతను నవ్వుతూ, వేసుకోమని కాళ్ల వైపు చూపించాడు. ఆవిడకి మనసొప్పలేదు. "దేవుడున్న చోట చెప్పులతో ఎలాగే?" అని నన్నే అడిగారు. గుణదలలో, మన ఊళ్ల చర్చీల్లో చెప్పులు బయట విడిచే అలవాటు చూసినవాళ్లకి ఇది వింతే. ఇక్కడ ఎవరూ విప్పరు. పైగా చలికాలంలో ఆ పాలరాయి మీద ఒట్టి కాళ్లతో నడిస్తే పెద్దవాళ్లకి మోకాళ్లు పట్టేస్తాయి.

రెండోది టోపీ. మగవాళ్లు లోపల టోపీ తీసేయాలి. నాన్నగారి మంకీ క్యాప్ అయినా సరే. జర్మనీలో కొలోన్ కెథీడ్రల్‌కి వెళ్తే ఎర్ర అంగీలు వేసుకున్న చర్చి సిబ్బంది లోపల తిరుగుతూ ఉంటారు, టోపీ పెట్టుకున్న మగవాళ్లని తీయమని వాళ్లే చెప్తారు. ఆడవాళ్లు తల మీద కొంగు వేసుకోవాలన్న నియమం ఇప్పుడు లేదు. 1917 నాటి చర్చి చట్టంలో ఉండేది, 1983లో వచ్చిన కొత్త చట్టంలో ఆ మాట లేదు. మన క్రైస్తవ కుటుంబాల వాళ్లు అలవాటుగా వేసుకుంటే ఎవరూ ఏమీ అనుకోరు.

ఊరి మధ్యలో ఉండే చిన్న చర్చీల గుమ్మంలో ఎవరూ నిలబడి చూడరు. అడిగేవాళ్లు లేరని పొట్టి బట్టల్లో దూరిపోకండి. అక్కడే ఏ ముసలావిడో కొవ్వొత్తి వెలిగించి కళ్లు మూసుకుని కూర్చుని ఉంటుంది. మన గుళ్లో మనం ప్రదక్షిణ చేస్తుంటే ఎవరో సెల్ఫీ తీసుకుంటూ అడ్డొస్తే మనకెలా ఉంటుందో ఆవిడకీ అలాగే ఉంటుంది.

లోపల పూజ జరుగుతుంటే తిరగకుండా వెనక బెంచీలో కూర్చోండి. చివర్లో అందరూ వరుస కట్టి అప్పం (పల్చటి రొట్టె బిళ్ల) తీసుకుంటారు. అది ప్రసాదం అనుకుని లైన్లో నిలబడొద్దు, కథోలికులకే ఇస్తారు. గుమ్మం పక్కన తొట్టెలో ఉన్న నీళ్లు మన గుళ్లో తీర్థంలా తాగేవి కాదు. బెంచీ ముందున్న మెత్తటి పలక మోకరించడానికి, దాని మీద కాళ్లు పెట్టుకోకండి.

బుధవారం పొద్దున వాటికన్‌లో సెయింట్ పీటర్స్ చౌకులో పోప్ దర్శనం ఉంటే అక్కడి బసిలికా మధ్యాహ్నం దాకా తెరవరు. ఆ రోజు పొద్దున వేరే ఏదైనా చూసి, భోజనం చేశాక వెళ్లండి.