"ఏర్" అని అడిగిన పిల్లాడిని నేను కసిరి కూర్చోబెట్టిన సంగతి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: డీఎడ్ ఇంటర్న్‌షిప్‌కు వెళ్తున్నారు, ఇచ్చిన బడిలో రకరకాల ఇళ్ల నుంచి, వేర్వేరు భాషల నుంచి వచ్చే పిల్లలున్నారు. మొదటి రోజే రూల్స్ గట్టిగా చెప్పకపోతే నెత్తికెక్కుతారని సీనియర్లు అంటున్నారు, అది నిజమేనా అని.

సగం నిజం. రూల్స్ మొదటి రోజు నుంచే ఉండాలి. గట్టిగా చెప్తే చాలు అనుకోవడం దగ్గరే నేను దెబ్బతిన్నాను.

నా మొదటి పోస్టింగ్ ఉట్నూరు ఏజెన్సీలో ఒక ప్రాథమిక పాఠశాల. మూడు, నాలుగు తరగతులు ఒకే గదిలో, మొత్తం 27 మంది. గూడెం పిల్లలది గోండీ, తండా పిల్లలది లంబాడీ, ఇద్దరి ఇంట్లో మరాఠీ. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు నలుగురే. చేరిన రెండో రోజే స్కెచ్ పెన్నులతో చార్టు రాసి గోడకు అంటించాను. "క్రమశిక్షణ పాటించవలెను", "నిశ్శబ్దముగా ఉండవలెను", "అనుమతి లేనిదే బయటకు వెళ్లరాదు"... అలా ఏడు. డీఎడ్‌లో ఇలాంటి చార్టులకే మార్కులు తెచ్చుకున్నాను మరి! మూడో తరగతిలో సగం మందికి అది చదవడం రాదు. చదవగలిగినవాళ్లకు "అనుమతి" అంటే ఏంటో తెలియదు.

ఆ వారంలోనే లెక్కలు చెప్తుంటే మూడో తరగతి పిల్లాడొకడు లేచి "సార్, ఏర్" అన్నాడు. బడి వెనక వాగుంది. ఏరుకాడికి పోతానంటున్నాడనుకుని "ఏం అక్కర్లేదు, కూర్చో" అన్నాను. కాసేపటికి మళ్లీ లేచాడు. ఈసారి కసిరాను. తల దించుకుని కూర్చున్నాడు. బెల్లు కొట్టాక నాలుగో తరగతి అమ్మాయి నా దగ్గరికొచ్చి మెల్లగా చెప్పింది: "సార్, వాడు నీళ్లకు అడిగిండు." గోండీలో ఏర్ అంటే నీళ్లు. పైన రేకుల కప్పు, జూన్ నెల ఉక్కపోత. వాడు నా రూలు ప్రకారమే లేచి నిలబడి అడిగాడు.

ఆ సాయంత్రం చార్టు చింపేశాను. మూడే మూడు పెట్టుకున్నాం. మాట్లాడాలంటే చెయ్యెత్తాలి. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు వినాలి. తీసిన పుస్తకం తీసిన చోటే పెట్టాలి. ఒక్కోదాన్నీ ముందు నేను తెలుగులో చెప్పాను, గోండీలో ఒక అమ్మాయి, లంబాడీలో ఒక అబ్బాయి మళ్లీ చెప్పారు. తర్వాత చేసి చూపించడం. ముందు తప్పుగా చేసి చూపించమంటే ఎగబడతారు, గదంతా నవ్వులే. ఆ వెంటనే సరిగ్గా చేయించాలి. రోజూ పది నిమిషాల చొప్పున వారం పట్టింది. సిలబస్ వెనకబడుతుందని భయపడ్డాను కానీ, అరుపుల్లో పోయే టైముతో పోలిస్తే అదేం లెక్కలోది కాదు.

"బాగా ఉండండి", "డిసిప్లిన్‌గా ఉండండి" లాంటి మాటలు పక్కన పెట్టండి. ఒక్కో ఇంట్లో బాగా ఉండటం ఒక్కోలా ఉంటుంది. పెద్దవాళ్ల ముందు నోరు విప్పకపోవడమే మర్యాద అని పెరిగిన పిల్ల మీ క్లాసులో జవాబు తెలిసీ చెప్పదు. ఆ పిల్లను మొద్దు అనుకుంటాం. మీకు కంటికి ఏం కనిపించాలో అది చెప్పండి: పలక ఒళ్లో, కళ్లు బోర్డు మీద.

సైలెంట్ కావడానికి రెండు చప్పట్లు కొట్టేవాణ్ణి. ఒక పిల్లాడు ఎప్పుడూ ఆలస్యంగా ఆగేవాడు, కావాలనే చేస్తున్నాడనుకున్నాను. ఎడమ చెవి సరిగ్గా వినపడదని నెల తర్వాత తెలిసింది. అప్పటినుంచి చప్పట్లతో పాటు చెయ్యి కూడా పైకెత్తడం మొదలుపెట్టాను, వాణ్ణి ముందు వరుసలోకి మార్చాను. ఇలాంటి అనుమానం వస్తే మీరే తేల్చేయకండి. హెచ్‌ఎంకి చెప్పండి, మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రం, వాళ్లకు చెప్పే ప్రత్యేక టీచరు (ఐఈఆర్పీ) ఉంటారు, వాళ్లు చూస్తారు.

మరి అందరికీ ఒకే రూలా, ఒక్కొక్కరికి ఒక్కోటా అంటారా? రూలు ఒకటే, దానిదాకా వచ్చే దారి వేరు. రోజూ లేటుగా వచ్చే ఒక అమ్మాయిని నేను గుమ్మం దగ్గర నిలబెట్టేవాణ్ణి. తమ్ముణ్ణి అంగన్‌వాడీలో దింపి వస్తోందని తర్వాత తెలిసింది, అమ్మానాన్న పొద్దున్నే పత్తి ఏరడానికి పోతారు. లేటుగా వచ్చినా చప్పుడు లేకుండా కూర్చుని, పక్కన ఉన్న పిల్లను అడిగి పాఠం అందుకోవాలి అని ఒప్పందం చేసుకున్నాం. హోంవర్క్ మాత్రం అందరితో పాటే. జాలిపడి చదువులో తగ్గిస్తే ఆ పిల్లకే నష్టం.

కూర్చునే చోటు కూడా చూసుకోండి. వదిలేస్తే తండా ఒక పక్క, గూడెం ఒక పక్క అయిపోతుంది. నేను ప్రతి సోమవారం జతలు మార్చేవాణ్ణి. మొదటి రెండు వారాలు మొహాలు మాడ్చుకున్నారు.

బెత్తం సంగతి మీరు అడగలేదు కానీ చెప్తాను, ఎందుకంటే బడిలో ఎవరో ఒకరు మీ చేతికిస్తారు. విద్యాహక్కు చట్టం 2009, సెక్షన్ 17 ప్రకారం కొట్టడమే కాదు, మానసికంగా వేధించడం కూడా నిషేధం. గుమ్మం దగ్గర నిలబెట్టి నలుగురిలో సిగ్గుపడేలా చేయడం కూడా దాని కిందికే వస్తుందని ఇప్పుడు నా నమ్మకం. అదే చట్టంలో సెక్షన్ 29, వీలైనంత వరకు బోధన పిల్లల మాతృభాషలో ఉండాలంటుంది. కాబట్టి పిల్లాడు గోండీలో జవాబు చెప్తే "తెలుగులో చెప్పు" అని కసరకుండా, పక్కవాడితో తెలుగులో చెప్పించండి.

లెసన్ ప్లాన్‌లో "పూర్వజ్ఞానం" అని ఒక గడి ఉంటుంది కదా, అందరూ సీనియర్ల రికార్డు చూసి ఎక్కించేది. ఈసారి దాన్ని నిజంగా నింపండి. మొదటి రోజు పాఠం మొదలుపెట్టకముందే నీళ్లు, కడుపునొప్పి, బయటికి, అర్థం కాలేదు, ఈ నాలుగింటికి ఆ పిల్లల భాషల్లో ఏమంటారో వాళ్లనే అడిగి రాసుకోండి. మీ ఉచ్చారణకు నవ్వుతారు, నవ్వనివ్వండి.