ఫ్యాంటసీ పోస్టర్‌కి బొమ్మా? ఫొటోనా?

ప్రశ్న: ఫ్యాంటసీ సిరీస్‌లంటే నాకు ప్రాణం. హ్యారీ పోటర్ మొదటి సినిమాకి చేత్తో గీసిన పోస్టర్ ఉంది. తర్వాతి భాగాలకి ఎక్కువగా ఫొటోలే కనిపిస్తాయి. ‘నటుల ముఖాలు ఉన్నవి ఉన్నట్టు కనపడాలి, బొమ్మలెందుకు?’ అంటాడు మా అన్నయ్య. నాకేమో ఆ మొదటిదే ఇష్టం. అసలు బొమ్మలెందుకు మానేశారు? ఏది మేలంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: నా ఓటు మీకే. పోస్టర్లు డిజైన్ చేయడం నా వృత్తి. రోజంతా ఫొటోలతోనే పని. అయినా ఫ్యాంటసీకి బొమ్మే నప్పుతుందని గట్టిగా నమ్ముతాను.

మీరు చెప్పిన 2001 నాటి పోస్టర్ గీసింది డ్రూ స్ట్రూజన్. దాన్నోసారి దగ్గర పెట్టుకుని చూడండి. కోట, గుడ్లగూబ, పిల్లలు, చుట్టూ పెద్దవాళ్లు. ఒక్కొక్కరిదీ ఒక్కో సైజు. అందరూ ఒకచోట నిలబడిందీ లేదు. అయినా ఎక్కడా అతికించినట్టు ఉండదు. ఆయన జెస్సో (రంగు బాగా పట్టడానికి ముందు వేసే తెల్లటి పూత) పూసిన బోర్డు మీద బొమ్మ గీసుకుని, ఎయిర్‌బ్రష్‌తో, అంటే గాలితో రంగు చిమ్మే పరికరంతో, యాక్రిలిక్ రంగులు పలచగా వేసి, ఆపైన కలర్ పెన్సిళ్లతో మెరుగులు దిద్దేవారు. ముఖానికైనా గోడకైనా అదే చెయ్యి, అవే రంగులు. అందుకే వెలుగంతా ఒకే లోకంలోది అనిపిస్తుంది.

ఫొటోలతో ఆ పని చాలా కష్టం. నటులందరూ ఒకే రోజు దొరకరు. ఎవరి ఫొటో వాళ్లకి విడిగా తీస్తారు. ఒకరికి వెలుగు ఎడమ నుంచి పడితే ఇంకొకరికి పైనుంచి పడుతుంది. వాళ్లని ఒకచోట చేర్చాక ముందు జుట్టు అంచులు పట్టిచ్చేస్తాయి. ఆ తర్వాత చూపులు. పక్కపక్కనే ఉన్నట్టుంటారు, ఒకరు చూసేది ఇంకొకరికి కనిపించదు. దీన్ని సరిచేయడానికి పొగమంచు, నీలం రంగు పులిమేస్తాం. అన్ని పోస్టర్లూ ఒకేలా కనిపించడానికి సగం కారణం ఇదే.

మరెందుకు మానేశారంటే, మార్పుల కోసం. 1990లో ఫోటోషాప్ వచ్చాక ‘ఈ ముఖం కాస్త పెద్దది చెయ్యండి, ఆయన్ని ఇటు జరపండి’ అన్న మాట నిమిషాల పనైపోయింది. ఎవరి పేరు ముందుండాలి, ఎవరి ముఖం ఎంతుండాలి అన్నవి పెద్ద నటుల ఒప్పందాల్లోకి వస్తాయి. పూర్తయిన పెయింటింగ్‌లో ఒక ముఖం జరపాలంటే మళ్లీ గీయాల్సిందే. ఆ టెన్షన్ ఎవరికీ వద్దు.

ముఖం పోలిక విషయంలో మీ అన్నయ్య మాట కొట్టిపారేయలేం. 1977లో స్టార్ వార్స్‌కి టామ్ జంగ్ గీసిన పోస్టర్‌లో కత్తి పైకెత్తిన కుర్రాడు కండలు తిరిగి ఉంటాడు. సినిమాలో ఆ నటుడు అలా ఉండడు. కానీ ఆ వెనక ఆకాశమంత ఉన్న విలన్ నల్లటి ముసుగు చూస్తే కథ ఎంత పెద్దదో తెలిసిపోతుంది. నాకు పోలిక కన్నా అది ముఖ్యం.

ఫొటో గెలిచే చోటూ ఉంది. లార్డ్ ఆఫ్ ది రింగ్స్ కవచాలు, కత్తులు చేతిపనివాళ్లు నిజంగా తయారు చేసినవి. అలాంటి వస్తువును కెమెరాతో చూపిస్తే ‘ఇది ఉంది’ అన్న నమ్మకం కలుగుతుంది. హ్యారీ పోటర్ పిల్లలు ఏటేటా ఎదగడం కూడా ఫొటోల్లోనే బాగా తెలుస్తుంది.

నాకు బాధ కలిగించేది మధ్యలో దారి మార్చడం. బొమ్మతో మొదలుపెట్టిన సిరీస్‌ని చివరిదాకా బొమ్మతోనే నడపాలి, వీలైతే అదే చిత్రకారుడితో. స్టార్ వార్స్‌లో 1999, 2002, 2005 భాగాల పోస్టర్లు మూడూ స్ట్రూజన్ గీసినవే. పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి దాంట్లోని చిన్న పిల్లాడు మూడోదానికి ఎలా మారాడో, ఎర్రరంగు ఎంత మీదికొచ్చిందో సినిమా చూడనివాళ్లకు కూడా తెలుస్తుంది.