విమానంలోంచి ఎవరెస్ట్: ఏ సీటు అడగాలి?

ప్రశ్న: డిసెంబరు చివర్లో అమ్మానాన్నలతో ఖాట్మండు వెళ్తున్నాం. చిన్న విమానంలో ఎవరెస్ట్ చుట్టూ తిప్పుతారట కదా? ఏ పక్క కూర్చోవాలి? ఆధార్ సరిపోతుందా?
– ఓ పాఠకురాలు, గుంటూరు

జవాబు: చుట్టూ తిప్పరండీ. శిఖరం సరిగ్గా నేపాల్–చైనా సరిహద్దు మీద ఉంది. విమానం కొండల వరస వెంబడి తూర్పుకు వెళ్లి వెనుదిరుగుతుంది, మొత్తం దాదాపు గంట. వెళ్లేటప్పుడు మంచుకొండలు ఎడమ పక్క, వచ్చేటప్పుడు కుడి పక్క. కాబట్టి పక్క గురించి పేచీ అక్కర్లేదు. కిటికీ దొరికితే చాలు. రెక్క, ఇంజిను అడ్డురాని వెనక వరస అయితే మరీ మంచిది.

ఎవరెస్ట్‌ను (8,849 మీటర్లు) చాలామంది పోల్చుకోలేరు. ముందు నుప్ట్సే, లోట్సే అనే పక్క శిఖరాల వరస గోడలా అడ్డుంటుంది. దాని వెనక నుంచి తొంగిచూసే నల్లటి త్రికోణమే అది. గాలికి మంచు ఎగిరిపోవడంతో రాయి బయటపడి అలా కనిపిస్తుంది.

పొద్దున్నే మొదటి విమానం ఎంచుకోండి, ఎండెక్కితే మబ్బులు లేస్తాయి. డిసెంబరులో పైన ఆకాశం తేటగానే ఉన్నా, కింద పొగమంచుతో ఆలస్యం మామూలే. అందుకే ఖాట్మండులో మొదటి ఉదయానికే టికెట్ తీసుకోండి. రద్దయితే మర్నాడు చేతిలో ఉంటుంది. డబ్బు వాపసు షరతు ముందే అడగండి.

నేపాల్‌కు విమానంలో వెళ్లాలంటే పాస్‌పోర్టు లేదా ఓటరు కార్డు ఉండాలి. ఆధార్ 15 ఏళ్లలోపు, 65 దాటినవాళ్లకే చెల్లుతుంది. కెమెరాకు పోలరైజర్ (మెరుపు తగ్గించే ఫిల్టర్) ఉంటే తీసేయండి, ప్లాస్టిక్ కిటికీలో రంగుల చారలు పడతాయి.